దండు ఖర్చు ఎవరి ఖాతాలో రాశారు?

చాగలమర్రిలో ఎరువుల అంగడి పెట్టుకుని బతికినవాణ్ణి. ఇప్పుడు అంగడి మావాడు చూసుకుంటున్నాడు. నేను పొద్దున కాసేపు గల్లాపెట్టె పక్కన కూర్చుని పేపరు తిరగేస్తా, వచ్చినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడతా. యుద్ధాల గురించీ దౌర్జన్యాల గురించీ ఎరువులంగడివాడికేం తెలుసని అడిగితే తప్పేం లేదు. కానీ ఎక్కడ తుపాకి పేలినా కాస్త వెనకాముందుగా ఆ సంగతి మా ధరల బోర్డు మీదికి వచ్చి తీరుతుంది. ఇక దౌర్జన్యమంటారా, ఆళ్లగడ్డ తాలూకాలో అంగడి పెట్టినవాడికి దాన్ని గురించి వేరే పాఠం అక్కర్లేదు. నాకు తెలిసినవి కొన్ని వరసపెట్టి రాస్తున్నా. అన్నీ ఒకే కొలతలో ఉండవు. తెలిసినకాడికి రాశా.

1

దండు ఖర్చు దండెత్తినవాడు పెట్టుకోడు. కాపాడించుకున్నవాడు కూడా పెట్టుకోడు. మా సీమ చేతులు మారిన కథే దీనికి సాక్ష్యం.

1792లో శ్రీరంగపట్నం సంధి జరిగింది. టిప్పు సుల్తాను సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. పైగా 3 కోట్ల 30 లక్షల రూపాయలు కడతానని ఒప్పుకుని, డబ్బు ముట్టేదాకా ఇద్దరు కొడుకుల్ని ఈస్టిండియా కంపెనీవాళ్ళ దగ్గర తాకట్టుగా ఉంచాల్సి వచ్చింది. ఆ పంపకంలో కడప వైపు భూములు నిజాం వాటాకు పడ్డాయి. 1799లో టిప్పు చనిపోయాక బళ్ళారి, గుత్తి వైపు మరికొన్ని వచ్చాయి. అవి నిజాం చేతిలో ఎంతోకాలం నిలవలేదు. తన రక్షణకని కంపెనీ పటాలాన్ని పెట్టుకున్నాడు కదా, దానికి జీతం బత్తెం కట్టాలి. రొక్కం కట్టే పూచీ వదిలించుకోవడానికి 1800 అక్టోబరులో, ఆ రెండు యుద్ధాల్లో తనకు దక్కిన సీమనంతా కంపెనీకే రాసిచ్చేశాడు. దత్తమండలాలని చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నది ఇదే.

పటాలం ఉండేది హైదరాబాదులో. అది కాపాడేది నిజాంను. దానికి కూడు పెట్టింది మాత్రం కుందూ గట్టున జొన్న పండించుకునే రైతు. ఆ రైతు ఆ పటాలాన్ని ఏనాడూ చూసి ఉండడు. చూసి ఉంటే పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని ఊరు విడిచి పరుగెత్తి ఉండేవాడు.

నిజాం అయినా దాంతో బయటపడ్డాడా అంటే లేదు. హైదరాబాదు కంటింజెంటు అని ఇంకో దండు తయారైంది. దాని బాకీ కింద 1853లో బీరారు పోయింది.

2

కావలి కూలి అడిగేవాడికి దొంగలు ఉండటమూ అవసరమే.

థామస్ మన్రో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చేనాటికి ఇక్కడ 80 మంది పాళెగాళ్ళు ఉన్నారు. వాళ్ళ చేతికింద దాదాపు 30,000 మంది ఆయుధం పట్టినవాళ్ళు ఉన్నారని లెక్క. పాళెగాడికి ఊళ్ళు కావలి రుసుము కట్టాలి. దొంగతనం జరిగితే సొత్తు వెతికి ఇవ్వాలి, దొరక్కపోతే తన చేతినుంచి కట్టాలి. వినడానికి ఇప్పటి ఇన్సూరెన్సు కంటే మేలుగా ఉంది. కాకపోతే రుసుము ఆపిన ఊళ్ళోనే గొడ్లు మాయమయ్యేవి. ఆ గొడ్లు ఎవరి దొడ్లో తేలేవో అందరికీ తెలుసు, అడిగేవాడు లేడు.

మన్రో ఏడేళ్ళు ఉండి ఆ వ్యవస్థను విరగ్గొట్టాడు. కొందరికి పింఛన్లు, కొందరికి జైళ్ళు, కొందరికి దేశబహిష్కారం. పాళెగాళ్ళ మీద అంత కటువుగా ఎందుకు పోయావని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. మావైపు పెద్దవాళ్ళు ఆయన్ను తండ్రిలా చెప్పుకునేవాళ్ళు, పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారంటారు. మంచివాడే కావచ్చు. శిస్తు సంగతి కూడా చూడాలి కదా. రైతుకు ఈ భారం ఎక్కువ, నాలుగోవంతు తగ్గించండి అని 1807లో ఆయనే సిఫారసు చేశాడు. పైవాళ్ళు వినలేదు. అది అమలైంది ఆయనే మద్రాసు గవర్నరై తిరిగొచ్చిన 1820లో. నడుమ పదమూడేళ్ళు కంపెనీకి మరాఠాలతో యుద్ధం, నేపాలుతో యుద్ధం, జావా దాకా దండయాత్ర. ఎక్కువని కలెక్టరే రాసిచ్చిన శిస్తును రైతు అన్నేళ్ళూ కడుతూనే ఉన్నాడు. గవర్నరు హోదాలోనే ఈ వైపు తిరగడానికి వచ్చి 1827 జులైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు మన్రో.

పాళెగాళ్ళు పోయారు. పాళెగాడి కావలి రుసుము పోయింది. శిస్తు నిలిచింది.

3

పొదుపు చేశామనుకున్న పదకొండు రూపాయలు ఎంత పని చేస్తాయో కోయిలకుంట్ల చెబుతుంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి సినిమా 2019లో అందరూ చూశారు. సినిమాలో గుర్రాలూ మంటలూ ఎక్కువ. నాకు ఆ కథలో ఎప్పుడూ గుర్తుండేది ఒక పద్దు. పాళెగాళ్ళ వారసుడిగా ఆయనకు నెలకు అందే తవర్జీ 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఆయుధాలు దించిన కుటుంబాలకు కంపెనీ ఇచ్చే నెలవారీ భరణం అది. బహుమానం కాదు, శాంతికి కట్టే వెల. అటు ఆయన తల్లివైపు తాత నొస్సం జయరామిరెడ్డి మగ వారసులు లేకుండా పోతే ఆయన తవర్జీని సర్కారు ఆపేసింది. ఇటు 1846లో కోయిలకుంట్ల ఖజానాలో నరసింహారెడ్డి తవర్జీ అడిగించుకుంటే తహశీల్దారు ఇవ్వకపోగా అవమానించి పంపాడు.

ఒక్క ఆయన కోపంతోనే అంత జనం కదల్లేదు. ఊళ్ళలో కట్టుబడి బంట్రోతులకు కొలువు కింద ఇనాము చెక్కలుండేవి. ఆ చెక్కల్ని సర్కారు తిరిగి లాక్కోవడం మొదలుపెట్టింది. కూడు పోయినవాళ్ళు, తాతలనుంచి బల్లెం పట్టినవాళ్ళు, ఎవరైనా పిలుస్తారా అని ఎదురుచూస్తున్నారు. ఒడ్డె ఓబన్నలాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. జులై 10న కోయిలకుంట్ల ఖజానా కొల్లగొట్టారు. చేతికొచ్చింది ఎనిమిది వందల చిల్లర రూపాయలు.

ఆ తర్వాత పటాలాలు దిగాయి. నొస్సం, గిద్దలూరు, నల్లమల కొండలు మూడు నెలల పాటు గాలించారు. అక్టోబరు 6న పేరుసోమల దగ్గర పట్టుకున్నారు. తొమ్మిది వందల మందికి పైగా కేసుల్లో ఇరుక్కున్నారు. 112 మందికి శిక్షలు పడ్డాయి. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం చూస్తుండగా ఉరితీశారు. తల కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు.

నేను ఎరువులంగడివాణ్ణి కాబట్టి నాకు నెలలు కనబడతాయి. జులై నుంచి అక్టోబరు అంటే ముంగారి పైరు చేలో ఉండి, హింగారి జొన్నకు దుక్కి సిద్ధం చేసుకునే కాలం. కేసుల్లో పడినవాళ్ళు సేద్యం మనుషులు. ఆ ఏడు వాళ్ళ చేలు ఎవరు విత్తారు? ఆ నష్టం ఏ దస్తావేజులోనూ ఉండదు. పటాలానికి అయిన ఖర్చు మాత్రం అణా పైసలతో సహా ఎక్కడో రాసే ఉంటారు.

4

కరువు డబ్బు కూడా దండుకే పోయింది.

పై పాఠంలో 1877 అన్నాను. అది ధాత కరువు కాలం. 1876 నుంచి 1878 దాకా కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ఎండి చచ్చిపోయాయి. కరువు చూడటానికి సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, పనికి వచ్చే మగమనిషికి రోజుకు పౌను గింజలు, పైన కొద్దిపాటి చిల్లర చాలని కూలి తగ్గించాడు. పౌనంటే అరకిలో కూడా లేదు. మళ్ళీ ఇలాంటిది రాకుండా చూస్తామని వైస్రాయి లిట్టన్ దొర ఏటా కోటిన్నర రూపాయల కరువు నిధి అన్నాడు. దానికోసం 1878లో వ్యాపారుల మీద లైసెన్సు పన్ను వేశారు. ఈ డబ్బు కరువుకు తప్ప దేనికీ వాడమని మాట ఇచ్చారు. ఆ ఏడు నవంబరులోనే అఫ్ఘాన్ యుద్ధం మొదలైంది, మరుసటేడుకల్లా కరువు నిధికి కోతపడింది. మాట తప్పారని ఆనాటి పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కోసిందల్లా నిధినే, పన్నును కాదు.

ఇవాళ కూడా బిల్లు మీద సెస్సు అని కనబడితే, అది దేనికోసం వేశారో, దేనికి వాడారో చూడటం నాకు అలవాటు.

5

ఇక మా కాలానికి, మావైపు ఫ్యాక్షన్ తగాదాలకు వస్తా. పేర్లు రాయను. మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ కుటుంబాలవాళ్ళు ఇప్పుడు పెళ్ళిళ్ళలో ఎదురుపడి నమస్కారాలు పెట్టుకుంటున్నారు, సంతోషం.

ఫ్యాక్షన్‌ను పౌరుషం అని రాసినవాళ్ళున్నారు, పగ అని సినిమాలు తీసినవాళ్ళున్నారు. అంగడిలో కూర్చున్నవాడికి అది ఒక జమాఖర్చు. పెద్దమనిషి వెంట తిరిగే మనుషులకు భోజనాలు, జీపులకు డీజిలు, వకీళ్ళ ఫీజులు, నంద్యాల కోర్టుకు వాయిదాలకు పోయేవాళ్ళ బస్సు చార్జీలు, జైల్లో ఉన్నవాడి ఇంటికి నెలనెలా బియ్యం. ఇవి ఖర్చులు. పొలం మీద వచ్చే ఆదాయంతో ఏ రెడ్డీ ఏ నాయుడూ వీటిని మోయలేడు. సారా పాటలు, కాంట్రాక్టు పనులు, గుత్తలు, బస్టాండు వసూళ్ళు, ఇవి చేతిలో ఉంటేనే లెక్క సరిపోయేది. వాటికోసం ఎమ్మెల్యే కావాలి, కనీసం మండలాధ్యక్షుడు కావాలి. పదవికోసం పోలింగు బూత్‌లు కావాలి, బూత్‌లకోసం ఏజెంట్లు కావాలి, రెండో పార్టీ ఏజెంటు కూర్చోకుండా ఉండాలంటే మనుషులు కావాలి. మనుషులకు మళ్ళీ భోజనాలు. చుట్టూ తిరిగి అక్కడికే. మావైపు ఊళ్ళో పార్టీ అంటే జెండా కాదు, ఎవరి వాకిట్లో కూర్చుంటావన్నదే.

అంగట్లో రెండు బల్లలు ఉండేవి. ఎవరూ గీత గీయలేదు కానీ ఒక పార్టీవాళ్ళు గోడవైపు బల్ల మీదే కూర్చునేవాళ్ళు, ఇంకొకరు వీధివైపు బల్ల మీద. ఒకరు లోపల ఉంటే రెండోవాళ్ళు ఎదుటి టీ అంగట్లో గ్లాసు పట్టుకుని నిలబడి, వాళ్ళు లేచిపోయాకే వచ్చేవాళ్ళు. అందువల్ల నాకు టీ అంగడివాడితో మంచి స్నేహం కుదిరింది. వాడికి నా వల్ల, నాకు వాడి వల్ల బేరాలు.

నాటుబాంబుల కంటే నన్ను భయపెట్టింది బీడు. బీడు పెట్టించడమంటే కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు. ఫలానా వాళ్ళ పొలంలో ఎవరూ అరక కట్టకూడదు, కూలికి పోకూడదు, గుత్తకు పట్టకూడదు అని హుకుం. పోలీసు కేసు కట్టడానికి అక్కడ రక్తం ఉండదు. అలాంటి ఏడు ఖాతా పుస్తకంలో ఆ ఊరి పేజీ తిప్పితే ఒక్క బస్తా ఎక్కి ఉండదు. పాత బాకీ మాత్రం అలాగే ఉంటుంది. ఆ బాకీదారు పెద్దమనిషి అనుకుంటారేమో, ఆయన నంద్యాలలో ఇల్లు తీసుకుని పిల్లల్ని అక్కడే చదివించుకుంటున్నాడు. బాకీ ఉన్నది ఆయన పార్టీలో ఉన్న నాలుగెకరాల రైతు. పార్టీలో చేరాడా అంటే చేరనూ లేదు, ఆ వీధిలో పుట్టాడంతే. అమెరికావాళ్ళు ఇరాన్ మీదో క్యూబా మీదో ఆంక్షలు అన్నప్పుడల్లా నాకు ఆ ఖాళీ పేజీ కళ్ళముందుకు వస్తుంది. ఏ దేశాధినేత ఇంట్లో పొయ్యి ఆరింది?

చందాల సంగతి కూడా చెప్పాలి. రెండు పార్టీలకూ ఇచ్చేవాళ్ళం, అంగళ్ళవాళ్ళమంతా. ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోవడం కుదరదు. చేతిలోంచి పోయిన ఆ డబ్బు బస్తా బాడుగలో రూపాయో రెండో పెరిగి రైతు నెత్తిమీదికి చేరేది. పెద్దమనిషి అంగడివాణ్ణి బెదిరించాడు, అంగడివాడు రైతు దగ్గర తీసుకున్నాడు. రైతు ఎవరి దగ్గర తీసుకోవాలి? కూలివాళ్ళ దగ్గర తీసుకున్నాడు. మా ఊరి చుట్టుపక్కల కూలిరేట్లు అన్నేళ్ళు ఎందుకు పెరగలేదని ఎవరైనా పరిశోధన చేస్తే ఈ దారి కూడా చూడమని చెబుతా.

ఫ్యాక్షన్ ఎలా తగ్గిందని అడుగుతారు. పోలీసుల పుణ్యం కొంత ఉంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. దూబగుంట ఆడవాళ్ళు నెల్లూరు జిల్లాలో మొదలుపెట్టిన పోరాటం అది. వాళ్ళు తమ మొగుళ్ళ తాగుడు మాన్పించడానికి చేశారు కానీ ఇక్కడ మావాళ్ళ ఖజానాకు ఒక గండి కొట్టినట్టయింది. ఇంకోవైపు మనిషి ధర పెరిగింది. రెండుపూటలా భోజనానికి, పండక్కి ఒక జత బట్టలకు వెంట తిరిగే కుర్రవాడు బెంగళూరులో తాపీ పనికి పోతే రోజు తిరిగేసరికి అంతకంటే ఎక్కువ కళ్ళజూశాడు. కువైట్‌కు పోయినవాడి ఇంటికి సిమెంటు దిగింది. కట్టుబడి బంట్రోతులు కూడు పోయి దండులో చేరితే, వీళ్ళు కూడు దొరికి దండు విడిచారు. ఉపదేశాలు విని మారినవాణ్ణి మటుకు నేను చూడలేదు.

6

బెదిరింపుకు జనం చేయగలిగిన జవాబు ఒకటుంది, ఊరే లేచిపోవడం. మన్రో కాలంలో శిస్తు మితిమీరితే రైతులు పక్క సంస్థానానికి పోయేవాళ్ళు. 1921లో చీరాల, పేరాల జనం పురపాలక సంఘం పన్ను కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద ఇళ్ళు విడిచి రామనగరం పాకల్లో పదకొండు నెలలు ఉన్నారు. అబ్బురపడాల్సిన విషయమే. కానీ పాకల్లో గడిచిన ఆ వానాకాలాన్ని కూడా జనమే భరించారు.

7

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చాగలమర్రి నుంచి కడప, రాయచోటి, రాజంపేట దాకా కువైట్‌లో మనిషి లేని వీధి తక్కువ. ఆ ఏడు ఉత్తరాలు ఆగిపోయాయి, డ్రాఫ్టులు ఆగిపోయాయి. కువైట్ నుంచి ఇరాక్ మీదుగా జోర్డాన్ ఎడారి గుడారాల్లో పడి, అమ్మాన్‌లో విమానం ఎక్కి బొంబాయి చేరారు మనవాళ్ళు. ఎయిర్ ఇండియా 488 విమానాలు తిప్పి లక్షకు పైగా జనాన్ని తెచ్చింది. అదొక్కటే ఆ కథలో చెప్పుకోదగ్గ మంచి.

తిరిగొచ్చినవాళ్ళలో ఒకతను మా అంగడికి వచ్చి, చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కువైట్ దినార్ల కట్ట తీశాడు. నాలుగేళ్ళ జీతంలో మిగిలింది అది. ఇరాక్‌వాళ్ళు ముందు ఆ దినారును తమ దినారుతో సమానమన్నారు, తర్వాత అసలే చెల్లదన్నారు. ఇవి పెట్టుకుని బస్తాలిస్తావా అన్నా, ఎప్పటికైనా చెల్లుతాయి అన్నాడు. నేను నోటు తిరగేసి చూశా. కొత్త నోటు, మడత కూడా లేదు. దినార్లు అతనికే ఇచ్చేసి బస్తాలు ఖాతాలో రాసుకున్నా. బాకీ అతను తీర్చాడు, దినార్లతో కాదు, రెండేళ్ళు వేరుశనగ వేసి.

ఆ యుద్ధం అక్కడితో ఆగలేదు. ముడిచమురు ధర కొద్ది నెలల్లో రెండింతలు దాటింది. గల్ఫ్ డబ్బు రావడం తగ్గింది. దేశం దగ్గర విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మిగిలింది. 1991 జులైలో దాదాపు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదువపెట్టారు. అదే నెల 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్‌లో ఎరువుల ధరలు 40 శాతం పెంచారు. గోల అయ్యాక 30 శాతానికి దిగారు, చిన్న సన్నకారు రైతులకు మినహాయింపు అన్నారు. ఎవరు చిన్న, ఎవరు సన్నకారు అని పాసుపుస్తకం పట్టుకుని తేల్చే పని అంగళ్ళ ముందు గొడవగా మారింది. 1992 ఆగస్టులో భాస్వరం, పొటాష్ మీద అదుపు పూర్తిగా ఎత్తేస్తే డీఏపీ మోయలేని ధరకు పోయింది. రైతు యూరియా ఒక్కటే చల్లడానికి అలవాటుపడ్డాడు. ఆ అలవాటు ఈనాటికీ పోలేదు, నేలలు దాని ఫలితం అనుభవిస్తున్నాయి.

నడుమ 1991 నవంబరులో నంద్యాల పార్లమెంటుకు పీవీ నరసింహారావు నిలబడ్డారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం ఎన్టీ రామారావు పోటీ పెట్టలేదు. 5 లక్షల 80 వేల మెజారిటీ ఇచ్చి పంపాం. ఎరువు ధర పెంచిన ప్రభుత్వానికే ఓటు వేశామని నాకు తెలుసు. వేసినందుకు బాధ లేదు. ఆ రోజు ఎవరున్నా అదే చేసేవాళ్ళు. నేను చెప్పేదల్లా సద్దాం హుస్సేన్ ట్యాంకులు కదిపితే, ఏడాది తిరక్కుండానే చాగలమర్రి రైతు దానికి డబ్బు కట్టాడని.

8

నష్టపరిహారం కూడా బలహీనుడి చేతిలోంచే వస్తుంది.

కువైట్ నుంచి తరిమేయబడ్డవాళ్ళకు ఐక్యరాజ్యసమితి ఒక కమిషన్ పెట్టి పరిహారం ఇప్పించింది. వెళ్ళిపోవాల్సి వచ్చిందని రుజువు చూపిన ఒంటరి మనిషికి 2,500 డాలర్లు, వేరే నష్టమేదీ అడగనంటే 4,000. మనవాళ్ళలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు ఉన్నారు. న్యాయమే. అయితే డబ్బు ఎక్కడిది? ఆంక్షల కింద నలిగిపోతున్న ఇరాక్‌కు తిండికీ మందులకూ చమురు అమ్ముకోనిచ్చారు, ఆ అమ్మకంలో 30 శాతం ఈ పరిహారానికి కోశారు. బాగ్దాదు ఆసుపత్రుల్లో మందులు లేక పిల్లలు పోతున్నారని పేపర్లలో చదివిన ఏళ్ళే అవి. సద్దాం అప్పుడు కొత్త రాజభవనాలు కట్టుకుంటున్నాడు.

ఇరాక్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు కట్టింది. ఆఖరి కంతు 2022 జనవరిలో ముట్టింది. అప్పటికి సద్దాం ఉరి అయి పదిహేనేళ్ళు దాటింది. ఆక్రమణనాటికి పుట్టని ఇరాకీలు కూడా ఆ కంతులు కట్టారు. 2022 ఫిబ్రవరి 22న భద్రతా మండలి ఆ పద్దు మూసేసింది. రెండు రోజులకు, 24వ తేదీన, రష్యా సేనలు యుక్రెయిన్‌లోకి దిగాయి.

9

యుక్రెయిన్ యుద్ధంలో మావాళ్ళకు ముందు తెలిసింది పొద్దుతిరుగుడు నూనె ధర. మనం దిగుమతి చేసుకునే ఆ నూనెలో ఎక్కువ భాగం యుక్రెయిన్, రష్యాలదే. ఒకప్పుడు నంద్యాల చుట్టూ పొద్దుతిరుగుడు చేలు కళ్ళకింపుగా ఉండేవి. గిట్టుబాటు లేక రైతులు వదిలేశారు.

ఎరువుల్లో ఈసారి బిల్లు కనబడకుండా వచ్చింది. డీఏపీ బస్తా 1,350 దాటనివ్వలేదు. మిగతాది కేంద్రం సబ్సిడీ మోసింది, 2022-23లో దాదాపు రెండున్నర లక్షల కోట్లు. ధర పెద్దగా పెరగలేదు కదన్నా అని రైతులు సంబరపడ్డారు. ఆ రెండున్నర లక్షల కోట్లు ఎవరో ఒకరు పన్నుగా కట్టాల్సిందే. అంగట్లో సబ్బు కొన్న కూలిమనిషి కూడా అందులో ఉన్నాడు.

2025 ఆగస్టు 27న, రష్యా చమురు కొంటున్నామని అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకుపోయింది. చమురు కొన్నది రిఫైనరీలు. దెబ్బ తగిలింది భీమవరం వైపు రొయ్యల చెరువులకు. మందుగుండు లేకపోయినా ఇదీ యుద్ధమే అంటాను. మా వైపు బీడు పెట్టించడానికీ దీనికీ తేడా ఎకరాల్లోనే.

10

ఈ చివరి మాట గల్ఫ్‌కు పోయే కుర్రవాళ్ళకు కాదు, వాళ్ళ తల్లిదండ్రులకు. 1990లో కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు జీతం బాకీ, వదిలేసి వచ్చిన సామాను, బ్యాంకులో ఉన్న డబ్బు, వీటన్నిటికీ పరిహారం అడగాలంటే రుజువు చూపాల్సి వచ్చింది. నాకు తెలిసిన చాలామంది కట్టుబట్టలతో వచ్చారు. పాస్‌పోర్టులు పనిలో పెట్టుకున్న సేటు దగ్గరే ఉండిపోయాయి. నష్టాలకు కాగితం ముక్క లేక పైన చెప్పిన స్థిర మొత్తంతోనే సరిపెట్టుకున్నారు. మీ ఇంట్లోంచి కువైట్‌కో, సౌదీకో, ఖతార్‌కో పోయినవాళ్ళుంటే, ఈసారి సెలవుకు వచ్చినప్పుడు పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, పని ఒప్పందం, జీతం రసీదులు, బ్యాంకు పుస్తకం నకళ్ళు ఒక జత తీయించి ఇక్కడ బీరువాలో పెట్టించండి. ఫోనులో ఫొటోలు ఉన్నాయంటారు. ఫోను చెక్‌పోస్టులో లాక్కుంటారు. కాగితం జిరాక్సు తీయించండి.